యాసిడ్ క్యాను, బ్లీచింగ్ బస్తా ఒకే షెడ్డులో వద్దు
(మార్కాపురంలో రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుట్నుంచీ గిట్టుబాటు ధర గురించి, వెలిగొండ నీళ్ల గురించి మాట్లాడుకున్నాం. నాకిచ్చిన అంశం వాటి ముందు చిన్నదిగా కనబడుతుంది. పొలంలో మన మోటారు షెడ్డు. అందులో ఏమేం పెట్టామో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

మన పశ్చిమ ప్రకాశంలో వాన తక్కువ, బోరే దిక్కు. ఆ నీళ్లలో ఉప్పు ఎక్కువ. బత్తాయికి వేసినా మిరపకు వేసినా కొన్నాళ్లకే డ్రిప్పర్లలో తెల్లగా సున్నం పేరుకుంటుంది. దాన్ని కరిగించడానికి హైడ్రోక్లోరిక్ యాసిడ్ తెచ్చుకుంటాం. పైపుల్లో నాచు, జిగురు పడితే బ్లీచింగ్ పౌడరు నీళ్లు వదులుతాం. రెండూ అవసరమైనవే. చిక్కంతా రెండింటినీ ఒకే మూలన పెట్టడంలో ఉంది. యాసిడ్ బ్లీచింగ్ మీద పడితే క్లోరిన్ వాయువు లేస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్‌లో, బెల్జియంలో జర్మన్ సైన్యం ఎదుటివాళ్ల కందకాల మీదికి వదిలింది ఈ వాయువునే. ఇది గాలికంటే బరువు. పైకి పోదు, నేలబారున నిలబడుతుంది. మోటారు పక్కన వంగి పని చేసుకునే మనిషి ముక్కుకు సరిగ్గా అందుతుంది.

నా తప్పు నేనే చెబుతాను. మా షెడ్డులో యాసిడ్ క్యాను మూత సరిగా బిగించలేదు. ఆ ఆవిరికి స్టార్టరు పెట్టె తుప్పు పట్టి ఊరికే ట్రిప్ అవుతుంటే కరెంటోళ్లను తిట్టుకున్నాను. బ్లీచింగ్ బస్తా ఆ క్యానుకు మూరెడు దూరంలోనే ఉంది. ఏ కుక్కో తగిలి క్యాను ఒరిగినా చాలు. ఇంకోటి, యాసిడ్ కలిపిన డ్రమ్మును కడక్కుండా అందులోనే బ్లీచింగ్ వేసినా అదే ప్రమాదం. ఆ రెండు పనులూ ఒకే రోజు పెట్టుకోవద్దు. బ్లీచింగును యూరియా పక్కన, డీజిలు పక్కన కూడా ఉంచొద్దు.

రెండో జత చాలామందికి తెలియదు. డ్రిప్‌లో వదిలే 13-0-45 అంటే ఏమిటి? పొటాషియం నైట్రేట్. మన పెద్దల మాటలో సూరేకారం. మిరపకు బూడిద తెగులు వస్తే కొట్టేది గంధకం. సూరేకారం, గంధకం, బొగ్గుపొడి కలిస్తే తుపాకిమందు అని దీపావళికి మతాబులు కట్టిన ప్రతి ముసలాయనకూ తెలుసు. బస్తాలు వాటంతట అవే అంటుకోవు. కానీ చిరిగిన బస్తాల్లోంచి రెండూ కింద రాలి కలిసిపోయి, పక్కనే డీజిలు డబ్బా ఉండి, స్టార్టరులో నిప్పురవ్వ లేస్తే ఆ మంటను ఆర్పడం మన తరం కాదు.

కందులకు పురుగు పట్టకుండా వేసే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రల సంగతీ అంతే. తడి తగిలితే చాలు, ప్రాణం తీసే ఫాస్ఫీన్ వాయువు వస్తుంది. వాటిని మనుషులు పడుకునే ఇంట్లో పెట్టొద్దు. మందు డబ్బాలు కడిగి ఇంట్లో వాడొద్దు, యాసిడ్‌ను నీళ్ల సీసాలో పొయ్యొద్దు. 2013 జులై 16న బీహార్ సారణ్ జిల్లా గండామన్ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసింది.

పురుగుమందులను వేరే వస్తువులుండే గదికి దూరంగా వేరే గదిలోనో, తాళం వేసిన బీరువాలోనో ఉంచాలని 1971 నాటి పురుగుమందుల నియమావళి 36వ నియమం చెబుతోంది. గది పొడిగా, గాలీ వెలుతురూ వచ్చేట్టు ఉండాలట. బాగానే ఉంది. ఒంటిగది ఇంట్లో కాపురముండే కౌలు రైతుకు వేరే గది ఎక్కడుంది? ప్రమాదం జరిగాక 'రైతు నిర్లక్ష్యం' అని రాసుకుపోవడం తేలిక. డ్రిప్‌కు సబ్సిడీ ఇచ్చే ప్రభుత్వం దాంతోపాటు తాళం పెట్టె కూడా ఇవ్వొచ్చు. రైతు సేవా కేంద్రం దగ్గర కౌలు రైతులు మందులు దాచుకోవడానికి ఒక గది కట్టించొచ్చు. ఏది దేని పక్కన పెట్టకూడదో అమ్మేవాళ్లు తెలుగులో రాసివ్వాలి. ఇవి మన తీర్మానంలో చేర్చమని కోరుతున్నాను.

ఈలోగా మనం చేయగలిగింది ఒకటుంది. యాసిడ్‌ను షెడ్డు బయట నీడలో, ప్లాస్టిక్ తొట్టిలో, పిల్లలకూ పశువులకూ అందకుండా తాళం కింద ఉంచండి. బ్లీచింగ్ పొడి చోట, బల్ల మీద వేరేగా పెట్టండి. ఎప్పుడైనా షెడ్డులో ఘాటు వాసన వస్తే మోటారు ఆపుదామని కూడా లోపలికి పోవద్దు. గాలి ఎటునుంచి వీస్తుందో అటు, ఎత్తుకు నడిచి, 108కి ఫోన్ చేయండి.