రేడియో ట్రాన్స్‌ఫార్మరుకు ఎట్టి ఇనుము కావలెను?

ఇంటిలో రేడియో మూగపోయినప్పుడు మన దృష్టి ముందుగా వాల్వుల మీదికి పోవును. చాసిస్‌పై ఒక మూల బరువుగా కూర్చుండు పవర్ ట్రాన్స్‌ఫార్మరును గూర్చి మనము తలచుట అరుదు. అది మాడి వాసన వచ్చిన నాడే దాని విలువ తెలియును. పాత వాల్వు రేడియోలను నేటికిని ప్రీతితో కాపాడుకొనుచున్న కుటుంబములు కలవు. ఆ సెట్లలో ట్రాన్స్‌ఫార్మరు చెడినచో తరచుగా దానిని తిరిగి చుట్టించుకొనవలసినదే. అప్పుడు రాగి తీగను గూర్చి అందరమును అడుగుదుము. లోపలి ఇనుమును గూర్చి అడుగువారు తక్కువ. నేటి మన ప్రసంగవిషయము ఆ ఇనుమే.

గోడ ప్లగ్గు నుండి వచ్చు 230 వోల్టులను ఈ ట్రాన్స్‌ఫార్మరు వాల్వుల ఫిలమెంట్లకై 6.3 వోల్టులకు తగ్గించును. ప్లేట్లకై 250, 300 వోల్టులకు పెంచును. ఒక చుట్ట నుండి మరియొక చుట్టకు శక్తిని చేర్చునది తీగ కాదు. ఇనుములో సెకనుకు 50 ఆవృత్తులతో అటునిటు మారు అయస్కాంతత్వము. 1831లో మైకేల్ ఫారడే ఇనుప కడియముపై రెండు చుట్టలు చుట్టి కనుగొనిన సూత్రమే ఇది.

అట్లయిన ఒక ఇనుప దిమ్మను పెట్టిన చాలదా? చాలదు. ఇనుము తానును విద్యుద్వాహకమే గదా! మారుచుండు అయస్కాంతత్వము ఆ దిమ్మలో సుడి ప్రవాహములను పుట్టించి దానిని వేడెక్కించును. అందుచే ఇనుమును పలుచని రేకులుగా కోసి, వానిపై విద్యున్నిరోధకమైన పూత నుంచి పేర్చుదురు. మెకానిక్కులు వీనిని స్టాంపింగులందురు. ఈ నష్టము రేకు మందము యొక్క వర్గమును అనుసరించును. అర మిల్లీమీటరు రేకుకు బదులు అదే రకపు 0.35 మిల్లీమీటరు రేకును వాడినచో సుడి ప్రవాహముల నష్టము ఇంచుమించు సగమగును.

రేకు పలుచనైనంత మాత్రమున చాలదు. లోహమును మంచిదై యుండవలెను. అయస్కాంతత్వము దిశ మారినప్పుడెల్ల ఇనుములో కొంత శక్తి వేడిగా వ్యర్థమగును. దీనికి హిస్టరిసిస్ నష్టమని పేరు. 20వ శతాబ్ది తొలి సంవత్సరములలో ఇంగ్లండునందలి షెఫీల్డుకు చెందిన రాబర్టు హాడ్‌ఫీల్డు మున్నగువారి కృషి వలన సిలికాన్ కలిపిన ఉక్కు వాడుకలోనికి వచ్చినది. నూటికి 3 పాళ్ళ సిలికాన్ కలిపినచో లోహపు విద్యున్నిరోధము నాలుగు రెట్లకు మించును. హిస్టరిసిస్ నష్టమును తగ్గును. సిలికాన్ మరీ ఎక్కువైనచో రేకు పెళుసుబారి, కోతకు లొంగదు. డబ్బాల రేకు చూపునకు ఇట్లే యుండును గాని, దానితో చేసిన ట్రాన్స్‌ఫార్మరు పొయ్యి వలె కాగును.

ఇంతకంటె మేలైనది 1934లో నార్మన్ గాస్ పేటెంటు పొందిన పద్ధతిని అనుసరించి చేయు ఉక్కు. అందు స్ఫటికములు రేకును సాగదీసిన దిశగా అమరియుండును. ఆ దిశలోనే దాని గొప్పతనము. ఇ, ఐ అను ఆంగ్లాక్షరముల ఆకారముగల స్టాంపింగులలో అయస్కాంత మార్గము కొంత అడ్డముగా పోవును గనుక లాభమంతయు చేతికి రాదు. ఫెర్రైటు వేరు జాతి. ఏరియల్ కడ్డీకిని, అధిక ఆవృత్తులకును అది శ్రేష్ఠము. కాని అర టెస్లా లోపుననే తృప్తి చెందును. 50 ఆవృత్తుల ట్రాన్స్‌ఫార్మరుకు అది తగదు.

తృప్తి చెందుటయన నేమి? ఇనుము కొంతవరకే అయస్కాంతత్వమును మోయగలదు. సిలికాన్ ఉక్కుకు ఆ హద్దు 2 టెస్లాల ప్రాంతమున నున్నను, 1 నుండి 1.2 వరకు వాడుట క్షేమము. నడిమి కాలు వైశాల్యము 10 చదరపు సెంటీమీటర్లయి, 1.2 టెస్లాలకు లెక్క కట్టినచో వోల్టుకు ఇంచుమించు 3.75 చుట్లు, అనగా 230 వోల్టులకు 860 పైచిలుకు చుట్లు కావలెను. 1 టెస్లాకే పరిమితమైనచో 1035 చుట్లు కావలెను. రాగి ఆదా చేయుటకై చుట్లు తగ్గించినచో వోల్టేజి కొంచెము పెరిగినంతనే ఇనుము హద్దు దాటును, ప్రవాహము ఒక్కుమ్మడిగా హెచ్చును, తీగ మాడును. అమెరికానుండి వచ్చిన 60 ఆవృత్తుల సెట్టును మన 50 ఆవృత్తులపై పెట్టినప్పుడును ఇట్టి చిక్కే. వోల్టేజిని 110కి తగ్గించి ఇచ్చినను, ఇనుముపై భారము నూటికి 20 పాళ్ళు హెచ్చును.

కావున ట్రాన్స్‌ఫార్మరు మాడినప్పుడు స్టాంపింగులను పారవేయనీయకుడు. అవి త్రుప్పు పట్టక, వంగక యున్నచో మరల పనికివచ్చును. సుత్తితో మోదరాదు, దెబ్బలకు ఉక్కు అయస్కాంత గుణము చెడును. తిరిగి పేర్చునప్పుడు ఒకటి ఇటు, ఒకటి అటుగా అల్లి, సందు లేకుండ బిగించవలెను. వదులైన రేకులే ఝుమ్మను రొదకు తరచు కారణము. రేకులు తక్కువైనచో అదే మందము, అదే రకము అడిగి తెచ్చుకొనవలెను.

చుట్టించి తెచ్చిన పిదప, తగిన ఫ్యూజు వేసి, సెట్టుకు కలుపక ముందే ఒక గంటసేపు ఖాళీగా నడిపింపుడని మెకానిక్కును కోరుడు. పిమ్మట ప్లగ్గు తీసివేసి ఇనుమును తాకిచూడవలెను. గోరువెచ్చగా నున్నచో మంచిదే. చేయి నిలువనంత వేడెక్కినచో ఆ ఇనుముగాని చుట్ల లెక్కగాని తప్పినదని గ్రహించి, సెట్టుకు కలుపనీయక త్రిప్పి పంపుడు. సెట్టుకే కాదు, ఇంటికిని అదియే క్షేమము.