దయ్యం పగ పడితే చప్పట్లు, మనం న్యాయం అడిగితే చప్పుడుండదు

(ఉస్మాన్‌గంజ్‌లో హమాలీ కార్మికులు, విద్యార్థులు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దంతా మూటలు మోసి, ఒంటిమీద మిరపకాయ ఘాటు ఇంకా పోకముందే వచ్చి కూసున్నరు. దయ్యాల సినిమాల గురించి మాట్లాడమని మీరే అడిగినారు. నవ్వులాటకు అడిగినారో, నిజంగనే అడిగినారో మాకు తెల్వదు. మేమైతే నిజంగనే మాట్లాడుతం. నవ్వొచ్చిన కాడ నవ్వండి.

రాంగోపాల్ వర్మ తీసిన ‘రాత్రి’ 1992లో వచ్చింది. అప్పటికి మేము బడిపిల్లలం. టూరింగ్ టాకీసుల నేల టికెట్టు కొని చూసినం. ఆట విడిచినంక ఊరి పిల్లలు దీపాలున్న బజారు పట్టుకొని పోయిన్రు. మేము చీకట్ల వాడ దారి పట్టినం. మా వాడ బొందలగడ్డ పక్కనే. సినిమాలల్ల దయ్యం ఎక్కడ తిరుగుతదో అక్కడనే మా పొయ్యిలు, మా మంచాలు. పగటిపూట గూడ ఊరోళ్లు జంకే ఆ జాగల మా తండ్రులు బొందలు తవ్విన్రు, డప్పు కొట్టిన్రు. ఆ రాత్రి మేము వణుకుతుంటే మా అవ్వ అన్నది: “సచ్చినోడు ఏం జేస్తడు బిడ్డా, బతికున్న పటేలుతోని పైలం.”

ఇప్పుడు ‘ముని’ (2007), ‘కాంచన’ (2011) సంగతి. రెండూ రాఘవ లారెన్స్ తీసినవే, తమిళం, తెలుగు రెండింట్ల ఆడినయి. ‘ముని’ల దయ్యం ఎవరు? బస్తీ జనం కోసం నాయకుని మాట నమ్మి, ఆ నాయకుని చేతులనే బిడ్డతో సహా చచ్చిపోయిన మనిషి. ‘కాంచన’ల దయ్యం ఎవరు? కన్నతండ్రే ఇంట్లకెళ్లి వెళ్లగొట్టిన ట్రాన్స్‌జెండర్ మహిళ. ఆమెకు అన్నం పెట్టింది ఒక ముస్లిం ఇల్లు. పేదోళ్లకు దవాఖాన కడుదామని ఆమె కొన్న భూమిని ఎమ్మెల్యే గుంజుకుంటడు. అడిగితే చంపి, అదే భూమిల పాతిపెడుతడు. భూమి, పదవి, హత్య. ఈ కథ కొత్తదా మనకు? దయ్యం ఒక్కటి తీసేస్తే మన జిల్లా పేపరే గదా!

ఆ సినిమా ఆఖర్న హంతకుడు ఉరికి గుడిల దూరుతడు. దయ్యానికి గుడిల అడుగుపెట్టే హక్కు లేదు. చంపినోడు లోపల, చచ్చినోళ్లు గుమ్మం బయట. ఆమె బయట నిలబడి దేవునితోనే కొట్లాడుతది, న్యాయం ఎటుదిక్కు ఉన్నదని అడిగి లోపలికి పోతది. తీసినాయన మన సంగతి మనసుల పెట్టుకొని తీసిండని మేము అనం. కాని నేల టికెట్టోనికి ఆ గుమ్మం తెలుసు. వాడు అక్కడ ఊరికే ఈల వెయ్యలే.

అయితే ఒక్క మాట గమనించండి. చచ్చినోళ్లు తమ బాధ చెప్పుకోవాలంటే హీరో ఒంట్ల దూరాలె. ఆమె తన నోటితోని, తన మొఖంతోని బతికి ఉండంగ చెప్పినప్పుడు విన్నోడు లేడు. హీరో ఒంట్లకెళ్లి చెప్తే హాలు హాలంతా లేచి నిలబడ్డది. మన గోడు గూడ ఎవరో పెద్దమనిషి నోట్లకెళ్లి వస్తే తప్ప పేపరుకెక్కదు.

నవ్వు సంగతి. చీకటైతే బయటికి పోవడానికి తల్లిని తోడు తీసుకపోయే హీరో, వాణ్ని తిట్టుకుంట పోయే కోవై సరళ. పక్కన పీనుగులు లేస్తుంటే మనం కడుపు పట్టుకొని నవ్వుతం. సినిమావాళ్లు ఇదేదో కొత్తగ కనిపెట్టినం అనుకుంటరు. మన చిందోళ్లు ఎప్పుడో చేసిన్రు ఆ పని. పరశురాముడు తల్లి తల నరికే ఎల్లమ్మ కథ కంటె భయంకరమైన కథ ఏముంది? ఎల్లమ్మ వేషం కట్టి చిందుల ఎల్లమ్మ జనాన్ని గడగడలాడించింది. అదే చిందు భాగోతంల బుడ్డర్‌ఖాన్ వచ్చి నవ్విస్తడు. ఏడ్చెటోనికే నవ్వు అవసరం.

‘అరుంధతి’ (2009) మాత్రం గడీ దిక్కు నిలబడ్డ సినిమా. అందుల దొరసాని మంచిది, పగ పట్టిన దయ్యం దుర్మార్గుడు. వాడు బతికుండంగ ఆడోళ్లను చెరిచినోడే, కాదనం. విచిత్రమేమంటే మా బడిపిల్లలు ఆడింది వాని వేషమే. దొరసాని మాట ఒక్కనికీ నోటికి రాలే.

నవ్వు ఆగిపోయే కాడికి వస్తున్నం. ‘విరూపాక్ష’ (2023) సినిమాల ఒక జంట చేతబడి చేసిన్రని ఊరోళ్లు కట్టేసి తగలబెడుతరు. తర్వాత ఊరు ఊరంతా చస్తుంటది. అంటే చేతబడి ఉన్నట్టే గదా, కాల్చినోళ్ల భయం నిజమైనట్టే గదా! హాలుల ఇది కథ. మన తెలంగాణ పల్లెలల్ల బాణామతి పేరు మీద పండ్లూడగొట్టిన్రు, కొట్టి చంపిన్రు, సజీవంగ కాల్చిన్రు. ఎవరిని? ఎక్కువ భాగం ఒంటరి ఆడోళ్లను, ముసలోళ్లను, అడిగేదిక్కు లేనోళ్లను. సినిమాల పగ తీర్చుకునే దయ్యం మనోడని ఈల వేస్తం. ఊర్ల అదే దయ్యం పేరు మన ముసలమ్మకు పెడుతరు. పెట్టెటోళ్లల్ల మనోళ్లు గూడ ఉన్నరు, దాచేది లేదు.

చుండూరుల 1991 ఆగస్టు 6న 8 మంది దళితులను చంపి, గోనెసంచులల్ల కట్టి కాలువల పడేసిన్రు. 2007ల ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014ల హైకోర్టు అందరినీ వదిలిపెట్టింది. అక్కడ ఏ దయ్యం లేవలే. చచ్చిపోయినోళ్ల పెండ్లాలు, తల్లులు, సాక్షులు, ప్రాణాలతో ఉన్న మనుషులు ఏండ్ల కొద్ది కోర్టుకు తిరిగిన్రు. ఆ తిరుగుడు మీద ఎవడూ సినిమా తియ్యడు, మూడు గంటలల్ల అయిపోదు గదా!

అందుకని పని సంగతి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015ల సవరించిన్రు, 2016 జనవరి 26 నుంచి అమలు. సెక్షన్ 3(1)(జెడ్‌బి) చూడండి. మంత్రగత్తె అని, చేతబడి చేసిన్రని నిందవేసి ఎస్సీ, ఎస్టీ మనిషి ఒంటికి గాని మనసుకు గాని బాధ కలిగిస్తే నేరం. ఆరు నెలల నుంచి ఐదేండ్ల జైలు. దెబ్బ తగలాల్సిన పని లేదు, మనోవేదన చాలు. నింద వేసినోడు ఎస్సీ, ఎస్టీయే అయితే ఈ చట్టం వర్తించదు. మామూలు శిక్షాస్మృతి కింద ఫిర్యాదు రాయాలె. ఠాణాల “మీ ఊరి మూఢనమ్మకం, మీరే చూస్కోండి” అంటే వినకండి. సెక్షన్ నంబరు కాగితం మీద రాసి ఇచ్చి, రసీదు అడగండి.

ఆ నంబరు పెద్దక్షరాలతో రాసిన చీటీలు తెచ్చినం. తలుపు కాడ ఉన్నయి. పండుగకు ఊరికి పోయెటోళ్లు రెండు ఎక్కువ తీస్కపోండి.