దిగేటప్పుడు కూడా ప్రయాణమే

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు మొన్న మమ్మల్ని పిలిచి "మాస్టర్ సాబ్, మీరు ప్రతి యేడూ చదువు గురించే చెబుతున్నారు, ఈసారి వేరే ఏదైనా చెప్పండి" అన్నారు. సరే, ఈసారి విమానం గురించి చెబుతాము. విమానం ఎక్కడం గురించి కాదు, దిగడం గురించి. నవ్వకండి. ఇది చిన్న విషయమే, కాని ఈ చిన్న విషయంలో మేము ఒక పెద్ద తప్పు చేసినాము. అది మీ అందరి ముందు ఒప్పుకోవాలనే ఈ అంశం ఎంచుకున్నాము. మేము ఉర్దూ మీడియం వాళ్ళము, మా తెలుగులో ఎక్కడన్నా ఉర్దూ వాసన తగిలితే మన్నించగలరు.

ఒకప్పుడు మన నందికొండలో విమానం ఎక్కిన మనిషి అంటే గల్లీ అంతా చూసేది. ఒక్కరు హజ్‌కు పోతే ఇరవై మంది బేగంపేట దాకా పోయి సాగనంపేవాళ్ళు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. సాగర్ నుంచి మల్లేపల్లి, ఇబ్రహీంపట్నం మీదుగా పోయేవారికి అది దూరం కూడా కాదు. ఇప్పుడు హిల్ కాలనీలో, పైలాన్‌లో ఎవరిని అడిగినా కొడుకు రియాద్‌లో ఉన్నాడనో, అల్లుడు దుబాయిలో ఉన్నాడనో చెబుతారు. పెద్దవాళ్ళు హజ్‌కు, ఉమ్రాకు పోతున్నారు. అల్హమ్దులిల్లాహ్, సంతోషమే. పోయేవారికి ఇహ్రామ్ ఎట్లా కట్టుకోవాలో, సామాను ఎంత తూకం ఉండాలో, పాస్‌పోర్టు ఎక్కడ దాచుకోవాలో అన్నీ నేర్పుతున్నారు. విమానం ఆగినాక ఎట్లా దిగాలో మాత్రం మాకు ఎవరూ చెప్పలేదు.

దిగేటప్పుడు ఏమి జరుగుతుందో పోయి వచ్చినవారికి తెలుసు. చక్రాలు నేలకు తగలగానే ఫోన్లు మోగుతాయి. బండి ఇంకా నడుస్తుండగానే బెల్టులు ఊడదీసే టకటక చప్పుడు మొదలు. ఎయిర్ హోస్టెస్ కూర్చోమని బ్రతిమాలుతూనే ఉంటుంది, మనం లేచి పై అరలోంచి సంచులు లాగుతూనే ఉంటాము. తర్వాత పదిహేను నిమిషాలు మెడ వంచి, ఒకరి మోచేయి ఒకరి పక్కలో పెట్టి నిలబడతాము. తలుపు మాత్రం తెరుచుకోదు. ఇది మన ఊరివాళ్ళ అలవాటే అనుకోవద్దు. 2025లో టర్కీ దేశపు విమానయాన శాఖ, విమానం ఆగకముందే లేచేవారికి జరిమానా అని నియమం తెచ్చింది. ప్రపంచమంతటా ఇదే రోగం అన్నమాట.

అయితే మన వరకు ఇది ఎక్కడి నుంచి వచ్చిందని ఆలోచిస్తే బస్సు నుంచి వచ్చిందని మాకు తోస్తున్నది. కిటికీలోంచి తువ్వాల వేసి సీటు పట్టుకున్నవాళ్ళము మనం. ఆర్టీసీ బస్సు మన స్టేజీ దగ్గర అర నిమిషం ఆగుతుంది. స్టేజీ రాకముందే లేచి తలుపు దగ్గర నిలబడకపోతే కండక్టరు రైట్ రైట్ అంటాడు, మనం మరుసటి ఊళ్ళో దిగాలి. కాబట్టి ముందుగా లేవడం బస్సులో తెలివే. కాని విమానం మనల్ని దించకుండా ఎక్కడికీ పోదు గదా! అక్కడ ఆ భయం అక్కరలేదు. భయం పోయినా అలవాటు పోలేదు, అంతే.

మన నాగార్జునకొండ లాంచీ చూడండి. రేవు దగ్గరపడగానే జనమంతా ఒకే పక్కకు వస్తే లాంచీ ఒరుగుతుంది. సరంగు కేకలు వేస్తాడు, మళ్ళీ అందరినీ కూర్చోబెడతాడు, తాడు కట్టినాకనే దించుతాడు. నీళ్ళు కనబడుతున్నాయి గనుక అక్కడ మనం మాట వింటాము. విమానం తలుపు కూడా అంతే. విమానం నిలిచే చోటుకు రావాలి, ఇంజను ఆగాలి, చక్రాలకు అడ్డు పెట్టాలి, నిచ్చెన గాని నడక వంతెన గాని వచ్చి తలుపుకు అతకాలి. తలుపుకు లోపల గాలితో ఉబ్బే జారుడు పట్టా ఒకటి ఉంటుంది, ప్రమాదంలో దూకడానికి. దాన్ని మామూలు స్థితిలోకి మార్చకుండా తెరిస్తే అది బయటికి విచ్చుకుంటుంది. ఇవన్నీ చూసుకొని తలుపు తీస్తారు. మనం లేచి నిలబడితే వీటిలో ఒక్క పనీ తొందరగా కాదు.

ఒక లెక్క చేద్దాము. మా పిల్లలకు చెప్పే లెక్కే. ఒకే నడవ ఉన్న విమానంలో నూట ఎనభై మంది ఉన్నారనుకోండి. తలుపు దగ్గర ఒక్కొక్కరికి అయిదు సెకన్లు పడితే మొత్తం 900 సెకన్లు, అంటే పదిహేను నిమిషాలు. ఒక్కొక్కరు సంచి కోసం ఇంకో అయిదు సెకన్లు నడవలో ఆగితే అరగంట. తోసుకుంటే ఈ లెక్క తగ్గదు, పెరుగుతుంది. ఇంకో సంగతి, ముందు దిగినవాడూ చివర దిగినవాడూ సామాను పట్టీ దగ్గర మళ్ళీ పక్కపక్కనే నిలబడతారు. మన పెట్టె ఎప్పుడు రావాలో అప్పుడే వస్తుంది.

కాలువ కింద బ్రతికేవాళ్ళం గనుక ఇది మనకు తొందరగా అర్థం కావాలి. ఎడమ కాలువకు నీళ్ళు వదిలినప్పుడు పైన ఉన్న రైతు తూము ఇష్టం వచ్చినట్టు ఎత్తుకుంటే చివరి ఆయకట్టు రైతు ఏమవుతాడు? అందుకే వారబందీ పెట్టినారు, ఎవరి వంతు వాళ్ళకు. డ్యాముకు ఇరవై ఆరు గేట్లున్నాయి. వరద వస్తే అన్నీ ఒక్కసారి ఎత్తరు, కింది ఊళ్ళకు చెప్పి, కొన్ని కొన్నిగా ఎత్తుతారు. విమానం నడవ కూడా ఒక కాలువే. చివరి వరుసలవాళ్ళు చివరి ఆయకట్టు రైతులు.

ఇక మా తప్పు సంగతి.

రెండేళ్ళ కిందట మా అమ్మీని తీసుకొని ఉమ్రాకు పోయి జిద్దా నుంచి వస్తున్నాము. శంషాబాద్‌లో దిగినాము. విమానం ఇంకా నడుస్తున్నది. రోజూ ప్రార్థన సమయంలో పిల్లలను వరుసలో నిలబెట్టే మేము అందరికంటే ముందు లేచినాము. పై అరలోంచి ఖర్జూరాల సంచి లాగినాము. అది జారి ముందు సీటు పెద్దాయన భుజం మీద పడింది. దేవరకొండ వైపు మనిషి, డెబ్బై దాటి ఉంటాడు. భుజం రుద్దుకుంటూ వెనక్కి తిరిగి "కోయీ బాత్ నహీ బాబా" అన్నాడు. మేము మాఫీ అడిగినాము గాని కూర్చోలేదు. పైగా మోకాళ్ళ నొప్పులతో ఉన్న అమ్మీని కూడా లేపి నిలబెట్టినాము. నడవకు అడ్డంగా ఒక కాలు, సంచి మీద ఒక చేయి, ఇట్లా నిలబడ్డాము.

వెనక నుంచి ఒక గొంతు వినబడింది, "భాయ్, జర రాస్తా ఇవ్వరా?" అని. తిరిగి చూడకుండానే "అందరికీ తొందరే భాయ్" అన్నాము. ఆ గొంతు మళ్ళీ అడగలేదు.

ఇమిగ్రేషన్ వరుసలో మా వెనకనే ఒక యువకుడు నిలబడి ఫోనులో మెల్లగా "కొంచెంసేపు ఆపండి, వచ్చేస్తున్నా" అంటున్నాడు. గొంతు గుర్తుపట్టినాము. ఆ దేవరకొండ పెద్దాయన దగ్గరికి పోయి "ఏమైంది బేటా?" అని అడిగినాడు. మిర్యాలగూడ దాటి ఏదో పల్లె అట. క్రితం రాత్రి తల్లి చనిపోయింది. సెలవు దొరికి, టికెట్టు దొరికి, చివరి వరుసలో సీటు దొరికి వస్తున్నాడు. సామాను లేదు, చేతిలో చిన్న సంచి. ఊళ్ళో జనాజా పెట్టుకొని చూస్తున్నారు.

పెద్దాయన మాట్లాడలేదు. ఆ అబ్బాయి చేయి పట్టుకొని వరుసలో ఒక్కొక్కరికి "వీళ్ళ అమ్మ పోయిందట, వీణ్ణి పోనివ్వండి" అని చెబుతూ నడిచినాడు. అందరూ పక్కకు జరిగినారు. హిందువులు, ముస్లింలు, ఎవరో తెల్లవాళ్ళు, అందరూ. రెండు నిమిషాల్లో ఆ అబ్బాయి ముందుకు పోయినాడు. మేము సామాను పట్టీ దగ్గర మా పెట్టెల కోసం అరగంట పైన నిలబడ్డాము. విమానంలో మేము సంపాదించిన తొందర అంతా అక్కడ కరిగిపోయింది.

తర్వాత తెలిసినవాళ్ళ ద్వారా విన్నాము. అతడు చేరేసరికి నమాజె జనాజా అయిపోయింది. కబర్ దగ్గర మట్టి వేయగలిగినాడు, అంతే. తల్లి ముఖం చూడలేదు. మేము అడ్డం నిలబడకపోతే అందేవాడా? చెప్పలేము. దారిలో కూడా ఆలస్యం అయి ఉండవచ్చు. కాని ఆ ఆలస్యంలో మాది ఒక వాటా ఉందేమో అనే మాట మా గుండెలో నుంచి పోవడం లేదు. ఇంటికి వచ్చినాక అమ్మీ ఒకే మాట అన్నది: "బేటా, బడిలో పిల్లలకు చెప్పేది నువ్వు కూడా ఒకసారి విను."

అప్పటి నుంచి మాకు ఒకటి అర్థమైంది. సబర్ అంటే నోరు మూసుకొని సీట్లో కూర్చోవడం ఒక్కటే కాదు. వెనక్కి తిరిగి, మనకంటే ముందు పోవలసినవాడు ఎవరన్నా ఉన్నాడా అని చూడడం కూడా సబరే. జనం చెడ్డవాళ్ళు కారు. అడిగితే అందరూ జరిగినారు గదా! విమానంలో ఆ అబ్బాయి ఒక్కసారి అడిగినాడు, అడిగింది మమ్మల్నే. మేము తిరిగి చూడలేదు.

ఆఖరి హజ్‌లో అరఫాత్ నుంచి జనం బయలుదేరినప్పుడు మన ప్రవక్త (స) ఒంటె కళ్ళెం గట్టిగా బిగబట్టి, చేత్తో సైగ చేస్తూ, నెమ్మది, నెమ్మది అని జనాన్ని వారించినారని మనం చదువుకున్నాము. ఆలోచించండి, అది హజ్‌లోని అతి పెద్ద ఘడియ ముగించుకొని తిరిగివచ్చే సమయం. పని అయిపోయినాక వచ్చే తొందర మనిషికి ఎప్పుడూ ఉందన్నమాట. ఆ నేల మీద నుంచే వచ్చి మేము విమానంలో తోసుకున్నాము.

నెమ్మది ఒక్కోసారి ప్రాణం కూడా కాపాడుతుంది. 2024 జనవరి 2న జపానులోని హనేదా విమానాశ్రయంలో ఒక ప్రయాణికుల విమానం దిగుతూ, తీరరక్షక దళం వారి చిన్న విమానాన్ని గుద్దుకొని మంటల్లో చిక్కుకున్నది. చిన్న విమానంలోని ఆరుగురిలో అయిదుగురు చనిపోయినారు. పెద్ద విమానంలో 379 మంది. ఎనిమిది తలుపుల్లో మూడే పనికివచ్చినాయి. లోపల పొగ, మైకులు పనిచేయలేదు. అయినా ప్రయాణికులు పై అరల జోలికి పోకుండా, సిబ్బంది చెప్పిన వైపు నడిచి, 379 మందీ బయటపడ్డారు. ఆ విమానం తర్వాత బూడిదైంది. మామూలు రోజుల్లో వంతు పాటించని జనం నిప్పు అంటిన రోజున ఒక్కసారిగా పాటిస్తారా?

పాత లక్నో నవాబుల కథ మీకు తెలిసిందే. "పహలే ఆప్, పహలే ఆప్" అనుకుంటూ ఇద్దరూ ప్లాట్‌ఫారం మీదనే ఉండిపోతే రైలు వెళ్ళిపోయింది. మర్యాద అంటే అది కూడా కాదు. మన వంతు వచ్చినప్పుడు సిద్ధంగా లేకపోవడం కూడా వెనకవాళ్ళను బాధపెట్టడమే.

కాబట్టి ఈ యేడు హజ్‌కు, ఉమ్రాకు, ఉద్యోగానికి పోయేవారికి మా మనవి ఇది. పాస్‌పోర్టు, మందులు, కళ్ళద్దాలు చిన్న సంచిలో పెట్టి కాళ్ళ దగ్గర ఉంచుకోండి. బెల్టు గుర్తు ఆరిపోయేదాకా లేవవద్దు. ముందు వరుస కదిలినాకనే మీ వరుస. మీ వంతు వచ్చినప్పుడు ఆలస్యం చేయకండి. పెద్ద సంచి ఉంటే ఆఖరున తీసుకోండి. ముసలివాళ్ళ సంచి దించి ఇవ్వండి, వాళ్ళ భుజం మీద కాదు, చేతికి. ఇంకో విమానం అందుకోవలసినవారు, కష్టంలో ఉన్నవారు సిగ్గుపడకుండా ముందే సిబ్బందికి చెప్పండి, పక్కవారిని అడగండి. ఎవరన్నా రాస్తా అడిగితే, తల్లులారా, సోదరులారా, ఒక్కసారి తిరిగి వాళ్ళ ముఖం చూడండి.

పిల్లలూ, రేపు బడి గంట కొట్టినాక తలుపు దగ్గర మీరు ఎట్లా బయటికి వస్తారో మేము చూస్తాము. మేము కూడా అక్కడే, అందరి వెనక నిలబడతాము.

ఆ మిర్యాలగూడ అబ్బాయి తల్లికి అల్లాహ్ మగ్ఫిరత్ ప్రసాదించుగాక. మా తప్పు మన్నించుగాక.  ఇప్పుడు భోజనాలున్నాయట. దయచేసి వరుసగా లేవండి.

ఖుదా హాఫిజ్.