వెనుక ఇరుసు క్రింద జాగా ఎంత?



పల్నాటి డొంకలలో బండి నడుపువారికి రెండు విధముల చిక్కులు గలవు. నరసరావుపేట చుట్టుపట్ల నల్లరేగడి భూములలో, పత్తి తీతల వేళకు తుఫాను వాన పడెనా, డొంకలో మోకాలిలోతు గాడులు పడును. మాచర్ల, గురజాల వైపు పోయినచో నాపరాతి నేల. దారి నడుమ రాయి మొనదేలి నిలిచియుండును. గాడి నడుమనున్న మట్టిగట్టు గాని, ఈ రాయి గాని మొట్టమొదట తగులునది నాలుగు చక్రములు తిరుగు జీపు వెనుక ఇరుసు నడుమనున్న డిఫరెన్షియల్ పెట్టెకే.

పైరుపంటల సంగతి చెప్పవలసినవాడు ఇరుసు సంగతి ఎత్తుకొన్నాడేమని మీకు తోచవచ్చును. మిరపకు మందు కొట్టవలసిన నాడు నీళ్ల డ్రమ్ములు చేనికి చేరకపోయినా, రాత్రివేళ జబ్బుమనిషిని రోడ్డెక్కించవలసివచ్చినా, అడ్డుపడునది ఈ పెట్టె క్రిందనున్న కొద్ది అంగుళములే గదా!

ఇంజను నుండి వచ్చు తిరుగుడును ప్రక్కకు మళ్లించి రెండు చక్రములకు పంచుట ఈ పెట్టె చేయు పని. లోపల పెద్ద పళ్లచక్రము ఉన్నందున అది గుండ్రముగా ఉబ్బి, ఇరుసు గొట్టముకంటె క్రిందికి వ్రేలాడును. దీని క్రింది ఎత్తును నిర్ణయించునవి రెండే కొలతలు. బరువు మీద టైరు అణగిన పిమ్మట చక్రము నడిబొడ్డు నేలనుండి ఎంత ఎత్తున ఉన్నది? ఆ నడిబొడ్డునుండి పెట్టె ఎంత క్రిందికి దిగినది? మొదటి దానినుండి రెండవది తీసివేయగా మిగిలినదే మీ జాగా.

ఈ లెక్క తెలియక కొందరు కమాను పట్టీలు మార్పించియో, దిమ్మలు వేయించియో బండిని ఎత్తు చేయుదురు. బాడీ లేచును, చూచుటకు దర్జాగా ఉండును. పెట్టె మాత్రము ఉన్నచోటనే ఉండును. పాత జీపులకు, బొలెరో, థార్ వంటి బండ్లకు వెనుక ఇరుసు ఒకే దూలమువలె రెండు చక్రములను కలిపియుండును గనుక, పట్టీలు దానిని పైకి లాగజాలవు. పైగా బరువు ఎత్తునకు పోవుటచే ఏటవాలు గట్లమీద బండి పడిపోవు ప్రమాదము హెచ్చును. టిక్కీలు వేసుకొని వచ్చునపుడు ఇది మరీ చెడ్డది.

ఖర్చు పెట్టుటకు ముందు టేపు తీసికొనుడు. మామూలుగా వేయు బరువు వేసి, చదును నేలమీద నిలిపి, ఇంజను ఆపి, చేతిబ్రేకు వేసి కొలువుడు. అన్నిటికంటె క్రిందనున్నది పెట్టెయే అని అనుకొనరాదు. పట్టీలను ఇరుసుకు బిగించు యు బోల్టుల కొసలో, షాకబ్సార్బరు క్రింది కొక్కెమో ముందుగా తగులుచుండవచ్చును. నట్టు దాటి వృథాగా వ్రేలాడు మరలను మెకానిక్కుచే కోయించిన చాలును. దీనికి పెద్ద ఖర్చు లేదు.

పెట్టెను నిజముగా లేపునది పెద్ద టైరు. కాని టైరు వ్యాసములో పెరిగినదానిలో సగమే ఇరుసునకు దక్కును. 6.00-16 టైరు వ్యాసము సుమారు 28 అంగుళములు, 7.50-16 టైరుది సుమారు 31½. తేడా మూడున్నర, లాభము ఒకటిముప్పావు. ఇందుకు చెల్లించు మూల్యమును చూడుడు: లాగు శక్తి తొమ్మిదింట ఒక పాలు తగ్గును, బ్రేకుకు, ఇరుసుకు శ్రమ పెరుగును, స్పీడు ముల్లు అసలు వేగముకంటె తక్కువ చూపును, తిప్పినపుడు టైరు మడ్‌గార్డుకు రాసుకొనవచ్చును. వెనుక రెండే మార్చుట బొత్తిగా కూడదు. నాలుగు చక్రములకు గేరు కలిపి నడుపునపుడు ముందు వెనుకలు ఒకే దూరము నడువక, మధ్యనున్న పళ్లు విరుగును. నాలుగు చక్రముల ట్రాక్టరుకును ఇదే నియమము. అక్కడ ముందు చక్రములు చిన్నవైనను కంపెనీవారు వేసిన జత చెడరాదు. పైగా 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము కంపెనీ నిర్ణయించిన తీరును మన ఇష్టప్రకారము మార్చరాదు. కాబట్టి ఆ బండికి కంపెనీ ఒప్పిన సైజులలో పెద్దదానిని కోరుటయే మంచిది.

మరియొక ఉపాయము గలదు గాని అది మన గ్యారేజీలో అయ్యెడిది కాదు. రెండవ ప్రపంచయుద్ధానంతరము జర్మనీలో వ్యవసాయము కొరకు ఉనిమోగ్ అను బండిని రూపొందించి 1948లో తయారీ మొదలిడిరి. రెండు బంగాళాదుంప సాళ్లకు సరిపడునట్లు చక్రముల ఎడమును పెట్టిరట! దాని చక్రము ప్రక్కన చిన్న గేరుపెట్టె ఉండును. ఇరుసు చక్రపు నడిబొడ్డుకంటె పైనుండి వచ్చి, గేర్ల ద్వారా క్రిందికి దిగును. టైరు పెంచకయే పెట్టె లేచినది. రైతు కొరకు ఆలోచించిన యంత్రమనగా నాకు ఇదియే.

పెట్టె అడుగును గీయించి, కోయించి పలుచన చేయింతుమని వచ్చువారి మాట వినకుడు. పోత ఇనుము వెల్డింగునకు సులభముగా లొంగదు. పగిలి నూనె కారినచో లోపలి పళ్లు మాడిపోవును. రాళ్ల దారివారు అడుగున నున్నని ఉక్కురేకు వేయించుకొనవచ్చును. రేకు మందమంత జాగా పోవును, అయినను తగిలిన రాయి పట్టక జారిపోవును.

నడుపుటలోను ఎత్తు సంపాదించవచ్చును. రాయిని చక్రముల నడుమ దాటింపక, కదలని రాయి అయినచో టైరును మెల్లగా దానిమీదికే ఎక్కింపుడు. ఇరుసు దానితో లేచును. గాడిలో దిగక ఒక చక్రమును నడిగట్టుమీద, రెండవదానిని అంచుమీద పోనిండు. కొన్ని పాత జీపులలో పెట్టె నట్టనడుమగాక ఒక ప్రక్కకు ఉండును; ఏ ప్రక్కనో క్రిందికి వంగి చూచుకొనుడు. బురదలో టైరు గాలి కొంత తగ్గించినచో పట్టు హెచ్చును గాని ఎత్తు తగ్గును. రాళ్లలో అట్లు చేయరాదు.

డొంకను బాగుచేసికొనుట ఒక్కొక్కప్పుడు టైర్లకంటె చవుక. నల్లరేగడి తడిసినపుడు ఉబ్బి మెత్తబడును, అందులో నాపరాతి ముక్కలను ఊరక పోసిన మ్రింగివేయును. ముందు ప్రక్కకాలువ తీసి నీటిని పారనిచ్చి, గరుసు పరచి దిమ్మిస చేసి, ఆపైన రాతిముక్కలు వేయుడు. నడిగట్టును పారతో చెక్కుట మరువకుడు.

నాగులేరు, చంద్రవంక వంటి వాగులు దాటువారికి ఇంకొక సంగతి. పెట్టెకు గాలి పీల్చు సన్న రంధ్రము పైభాగమున ఉండును. వేడెక్కిన పెట్టె చల్లని నీటిలో మునుగగానే లోపలి గాలి కుదించుకొని ఆ రంధ్రముగుండా నీటిని పీల్చును. దానికి రబ్బరు గొట్టము తగిలించి బాడీలో ఎత్తుగా కట్టుడు. దాటి వచ్చిన మరునాడు మరబిళ్ల విప్పి నూనె చూడుడు. పాలవలె తెల్లబడియున్నచో అదేరోజు మార్పింపవలెను.