టెంక చాలదు, అంటు కావాలి

 

అబిడ్స్ నుంచి నాంపల్లికి నడుస్తూ, 1935 నాటి మొజంజాహీ మార్కెట్ దగ్గర మామిడిపండ్ల వాసనకు ఆగిపోయేవాళ్లం, గుర్తుందా?

హైదరాబాద్ పాత రకాల్లో ఆజం-ఉస్-సమర్ ఒకటి. ‘ఫలాల్లో మేటి’ అని ఆ పేరుకు అర్థం. ఇప్పుడు బజారంతా బంగినపల్లే.

మన మామిడి టెంక నాటితే తల్లి పండే కాస్తుందన్న నమ్మకం లేదు. తల్లి కొమ్మతో అంటు కట్టాల్సిందే. డ్రాయింగ్ పోతే మా ఇంజనీర్లం మళ్లీ గీస్తాం. ఆఖరి చెట్టు పోతే రకమే పోతుంది. ఇల్లు కట్టేటప్పుడు తాతగారి మామిడిని నేనే కొట్టించాను. అదే రకమో కూడా అడగలేదు.

సంగారెడ్డి పండ్ల పరిశోధన కేంద్రం వందల మామిడి రకాలను చెట్లుగా కాపాడుతోంది. ఈ స్వర్ణోత్సవ గుర్తుగా పాత రకం అంటు ఒకటి తెచ్చి బడి ఆవరణలో నాటుదాం. పక్కనే దాని పేరు రాసి పెడదాం.