యంత్రపు లెక్కలో మన అవ్వ మాట



కథలోని పాత్ర స్వభావాన్ని కంప్యూటరుతో అంచనా కట్టవచ్చునా అన్నది నేటి విషయం. ఇది నిన్న మొన్నటి ప్రయత్నం కాదు. 1987లోనే జాన్ బర్రోస్ అనే ఆచార్యుడు జేన్ ఆస్టిన్ నవలల్లోని సంభాషణలను పాత్రలవారీగా విడదీసి, ‘నేను’, ‘మేము’, ‘కాదు’ వంటి అతి సామాన్యమైన మాటలను లెక్కించాడు. ఎవరూ పట్టించుకోని ఆ చిన్న మాటల్లోనే ఒక్కొక్క పాత్ర గొంతు వేరుగా తేలింది. మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు జేమ్స్ పెన్నెబేకర్ బృందం కోపం, సంతోషం, సందేహం వంటి వర్గాలుగా పదపట్టికలు కట్టింది. ఏ వర్గపు మాటలు నూటికి ఎన్ని వచ్చాయో చూసి మనిషి తీరును ఊహించడం ఆ పద్ధతి.

తెలుగులో ఈ లెక్క తిన్నగా సాగదు. ‘వచ్చాను’ అంటే చాలు, ‘నేను’ క్రియ చివరనే ఉన్నది. విడి మాటలనే లెక్కించే యంత్రానికి తెలుగువారందరూ తమ ఊసెత్తని వినయశీలురే!

ఇక కన్యాశుల్కం చూడండి. గిరీశం ఇంగ్లీషు ముక్కలను పట్టికలో లేని మాటలని యంత్రం తీసివేస్తే, గిరీశంలో సగం పోయినట్టే. మధురవాణి రామప్పంతులుతో మాట్లాడే తీరు వేరు, సౌజన్యారావు పంతులుతో మాట్లాడే తీరు వేరు. రెంటినీ కలిపి సగటు తీస్తే మిగిలేది మధురవాణి కాదు.

మన ఊళ్ళ సంగతి ఇంకా కష్టం. ఒక కథలో అవ్వ, “నేనే పోయినా, నేనే అడిగినా” అన్నదనుకోండి. రాయలసీమలోను, దానిని ఆనుకొన్న పల్లెల్లోను దీని అర్థం: తానే వెళ్ళింది, తానే నిలదీసింది. బడిపుస్తకపు తెలుగు మాత్రమే నేర్చిన యంత్రం దీనిని ‘వెళ్ళినప్పటికీ, అడిగినప్పటికీ’ అని చదువుతుంది. తెగువగల అవ్వను తటపటాయించే మనిషిగా లెక్కగడుతుంది. తప్పు అవ్వది కాదు, పట్టికది. ఇలాంటి పట్టికలతోనే రేపు మన పిల్లల ఉత్తరాలను, అర్జీలను కూడా తూచరని నమ్మకమేమున్నది?

స. వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ పులికాట్ తీరపు పలుకుబడిని అచ్చులో నిలిపినవి. అటువంటి పుస్తకాలు యంత్రానికి పాఠాలు కావాలి. మీరు కూడా ఇంట్లో వినబడే మాటను, ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నారో చేర్చి రాసిపెట్టండి. ‘పోయినా’ పక్కన రెండు అర్థాలూ ఉండాలి.