నవ్వించినవాడి పౌరసత్వం

(యువజనుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడుకునే సభలో ఒక హాస్యగాడి ప్రస్తావన ఏమిటని మీలో కొందరికి సందేహం కలగవచ్చు. నేను చెప్పబోయేది ఖాబీ లేమ్ అనే యువకుడి గురించి. ఇక్కడున్న పిల్లల్లో అతని ముఖం ఎరగనివారు అరుదు. పెద్దల కోసం ఒక గుర్తు చెబుతాను. నోటితో ఒక్క మాట పలకకుండా, రెండు అరచేతులూ ముందుకు చాపి, 'ఇంతే కదా' అన్నట్టు చూసే నల్లజాతి కుర్రవాడు, అతనే.

ఖాబీ 2000 మార్చి 9న సెనెగల్ రాజధాని డాకర్‌లో పుట్టాడు. ఏడాది వయసులో తల్లిదండ్రులతో ఇటలీ చేరాడు. టురిన్ నగరానికి సమీపంలోని కివాస్సో పట్టణంలో, పేదల కోసం ప్రభుత్వం కట్టిన ఇళ్లలో పెరిగాడు. పద్నాలుగేళ్ల ప్రాయంలో ఇంట్లోవారు అతన్ని డాకర్ దగ్గరి ఖురాన్ పాఠశాలకు పంపారు. తరువాత ఇటలీలోనే ఒక కర్మాగారంలో యంత్రం నడిపే కార్మికుడయ్యాడు. 2020 మార్చిలో, కరోనా ఆ దేశాన్ని కుదిపేస్తున్న రోజుల్లో, ఆ పని పోయింది. తండ్రి మరో ఉద్యోగం వెతుక్కోమన్నాడు. కొడుకు ఫోను చేతబట్టి టిక్‌టాక్‌లో వీడియోలు పెట్టడం మొదలుపెట్టాడు.

మొదట్లో ఇటాలియన్‌లో మాట్లాడేవాడు. పేరు తెచ్చింది మాత్రం మౌనమే. సులువైన పనిని చిక్కుముడిగా మార్చి 'చిట్కా' అని చూపించే వీడియోలు సామాజిక మాధ్యమాల్లో కొల్లలు. ఖాబీ వాటిలో ఒకదాన్ని ఎంచుకుంటాడు. కారు తలుపులో చొక్కా ఇరుక్కుంటే కత్తెరతో బట్ట కత్తిరించేవాడు ఒకడు కనిపిస్తాడు. ఖాబీ వచ్చి తలుపు తీస్తాడు, చొక్కా బయటికి వస్తుంది. అంతే. ఆ హాస్యంలో ఎవరి కులమూ, మతమూ, రూపమూ నవ్వులపాలు కావు. మాట లేదు గనుక అనువాదం అక్కర్లేదు. 2020 జూన్ 29న మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించినా అతని వీడియోలు వేరే దారుల్లో మన ఇళ్లకు చేరాయంటే కారణం అదే.

2022 జూన్ 22న అతను టిక్‌టాక్‌లో ప్రపంచంలోకెల్లా అత్యధికులు అనుసరించే వ్యక్తి అయ్యాడు. అప్పటికి ఆ సంఖ్య 14 కోట్లు దాటింది. ఇటలీ పత్రికలు మన బిడ్డ అని మురిసిపోయాయి. అయితే ఆ రోజుకు ఆ బిడ్డ చేతిలో ఉన్నది సెనెగల్ పాస్‌పోర్టు. ఇరవై ఏళ్లకు పైగా ఆ గాలి పీల్చి, ఆ బడిలో చదివి, ఆ కర్మాగారంలో చెమటోడ్చిన అతను ఇంకా చట్టం దృష్టిలో పరాయివాడే.

ఇటలీ పౌరసత్వ చట్టం 1992 నాటిది. అది నేలకన్నా రక్తానికి ఎక్కువ విలువనిచ్చింది. ఇటలీ ముఖం చూడని వలసదారుల మునిమనుమడికి పూర్వీకుల పేరు మీద పౌరసత్వం దక్కే వీలుండేది. 2025లో గానీ ఆ వెసులుబాటును కుదించలేదు. ఐరోపా సమాఖ్య బయటి నుంచి వచ్చినవారు మాత్రం పదేళ్లు చట్టబద్ధంగా నివసించి, ఆ తరువాత అర్జీ పెట్టుకుని, ఎదురుచూడాలి.

మౌనానికి పేరుపడ్డ ఖాబీ ఈ ఒక్క విషయంలో నోరు విప్పాడు. ఇన్నేళ్లు ఇక్కడ పెరిగినవారికి పౌరసత్వం లేకపోవడం న్యాయం కాదన్నాడు. తన ఒక్కడి కోసమే ఈ మాట అనడం లేదని కూడా చెప్పాడు. వెంటనే దేశీయాంగ శాఖ సహాయ మంత్రి ఒకరు, ఉత్తర్వు జూన్ ఆరంభంలోనే వెలువడిందని సామాజిక మాధ్యమంలో బహిరంగంగా బదులిచ్చారు. ఆగస్టు 17న ఖాబీ కివాస్సో పురపాలక కార్యాలయంలో ప్రమాణం చేశాడు. అర్జీ దాని క్రమంలోనే కదిలిందని అనుకుందాం. కానీ మంత్రి స్వయంగా జవాబు చెప్పే భాగ్యం ఎంతమంది అర్జీదారులకు దక్కుతుంది? కోట్లమంది అభిమానులు లేని పక్కింటి కుర్రవాడి సంగతేమిటి?

ఆ పక్కింటి కుర్రవాడి కోసమే, పదేళ్ల గడువును అయిదేళ్లకు తగ్గించాలంటూ 2025 జూన్ 8, 9 తేదీల్లో అక్కడ ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఫలితం చెల్లాలంటే సగం మందికి పైగా ఓటర్లు పాల్గొనాలి. పాల్గొన్నది సుమారు 30 శాతం. ప్రతిపాదన వీగిపోయింది.

దానికి రెండు రోజుల ముందు, జూన్ 6న, అమెరికాలోని లాస్ వేగాస్ విమానాశ్రయంలో వలస అధికారులు ఖాబీని నిర్బంధించారు. వీసా గడువు మించిందన్నది అభియోగం. అదే రోజు విడిచిపెట్టారు, అతను స్వచ్ఛందంగా దేశం విడిచి వెళ్లాడు. ఆ ఏడాది జనవరిలోనే యునిసెఫ్ అతన్ని సద్భావనా రాయబారిగా నియమించింది. అనుసరించేవారు 16 కోట్లకు పైనే. ఆ కీర్తి ఏదీ ఆ గదిలో అక్కరకు రాలేదు.

మిత్రులారా, ఇది దూరదేశపు కథ అని తోసిపుచ్చలేం. 2019 ఆగస్టు 31న అస్సాం పౌర జాబితా వెలువడినప్పుడు అందులో పేరు లేనివారు 19 లక్షల పైచిలుకు. వారిలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. ఎక్కువమంది కూలీలు, రైతులు, కాగితం దాచుకునే పెట్టె కూడా లేనివారు. వారి తరఫున మంత్రిని నిలదీయడానికి ఏ హాస్యగాడి కీర్తీ లేదు.

మన పాతబస్తీలో, కర్నూలులో, గుంటూరులో ఫోను పట్టుకుని నవ్వించాలని తపించే పిల్లలున్నారు. వారిని నిరుత్సాహపరచకండి. ఆ కళలో శ్రమ ఉంది, బతుకు తెరువు ఉంది. కానీ 'ప్రతిభ చూపు, అప్పుడు నిన్ను మావాడివంటాం' అనే మాటను మాత్రం ఒప్పుకోకండి. మెప్పు ప్రతిభకు రావాలి. హక్కు మనిషికి రావాలి. నవ్వించగలిగితేనే హక్కు దక్కేటట్లయితే, నవ్వించలేని వాడు ఎక్కడికి పోవాలి?

చొక్కా కత్తిరించనక్కర్లేదు, తలుపు తీస్తే చాలు అని ఖాబీ లోకానికి చూపించాడు. చట్టాలు చేసేవారిని మనం అడుగుతున్నదీ అంతే.